దశకము ఆగమమా, ఆదేశమా? - ప్రాథమిక తరగతులలో కూడిక తీసివేతల బోధన

భాస్కరాచార్యుడు లీలావతిలో సంకలిత వ్యవకలితములకు కేటాయించినది అర్ధవృత్తము మాత్రమే. అంకెలను వాని వాని స్థానముల ననుసరించి క్రమముగా గాని, వ్యుత్క్రమముగా గాని కూడవలెననియు, అంతరమును కూడ అట్లే సాధింపవలెననియు దాని తాత్పర్యము. వెంటనే ఒక ఉదాహరణము: 2, 5, 32, 193, 18, 10, 100 - వీనిని కూడగా ఎంత? ఆ మొత్తమును 10,000 నుండి తీసివేయగా ఎంత? అని బాలికను అడుగును. ఇంతటితో ఆ ప్రకరణము ముగియును. 1150వ సంవత్సరప్రాంతమున వెలసిన ఈ గ్రంథమునకు సుమారు మూడువందల యేండ్లు ముందుండిన మహావీరాచార్యుడైతే గణితసారసంగ్రహమున పరికర్మలను గుణకారముతోనే ఆరంభించెను. సామాన్యమైన కూడిక తీసివేతలు చదువరికి వచ్చియే యుండునని ఆయన తలంపు కాబోలు. ఆ గ్రంథమునే పావులూరి మల్లన తెనిగించెను. ఆయన 11వ శతాబ్దివాడని పలువురి మతము.

ఇట్టి సంక్షేపమునకు కారణము స్పష్టమే. అవి అంకెలు దిద్దుకొనుచున్న పసివానికొరకు రచింపబడిన గ్రంథములు కావు. పసివాడు కూడిక నేర్చుకొనినది గురువు నోటివలన, ధూళి పరచిన పలకమీద. ఆ నోటిమాటలు తాళపత్రములకు ఎక్కలేదు. నేటికిని స్థితి ఇంచుమించు అంతియే. మూడవతరగతి గణితవాచకమున ఏమి ముద్రింపబడినను, పిల్లవాని చెవికి చేరునవి ఉపాధ్యాయుడు నల్లబల్లయొద్ద పలికెడి నాలుగు మాటలు: "చేతిలో ఒకటి", "పైన ఒకటి వెయ్యి", "సరిపోకపోతే పక్కదాన్నడిగి అప్పు తెచ్చుకో". ఈ వ్యాసమున నేను చర్చింపదలచినది ఈ మాటలను గూర్చియే. గణితోపాధ్యాయులుండగా భాషాధ్యాపకునకు ఇందేమి పని యని కొందరడుగవచ్చును. విచారణ మాటలను గూర్చినది గనుకనే మనకు పని కలదు.

విషయము పైకి చిన్నదిగా కనబడును. గ్రామములలో ఇంటింటికి పోయి పిల్లల చదువును పరీక్షించెడి 'అసర్' నివేదికలో తీసివేతకు ఇచ్చునది రెండంకెల సంఖ్యనుండి రెండంకెల సంఖ్యను తీసివేయు లెక్క. ఒకట్ల స్థానమున పైయంకె చిన్నది, క్రిందియంకె పెద్దదిగా నుండునట్టిది. దేశమునందలి గ్రామీణప్రాంతము మొత్తముమీద మూడవతరగతి పిల్లలలో ఆపాటి లెక్క చేయగలిగినవారు 2022లో 25.9 శాతము, 2024లో 33.7 శాతము. పెరుగుదల సంతోషింపదగినదే. కాని ముగ్గురిలో ఇద్దరికి ఇంకను రాలేదన్నమాట. భాగహారము అడుగడుగున తీసివేతపై ఆధారపడినది గనుక, ఇక్కడ ఆగిపోయినవాడు అక్కడను ఆగును. భిన్నములయొద్దకు వచ్చునప్పటికి లెక్కలు తనకు రావని నిశ్చయించుకొనును.

పిల్లలు చేయు తప్పులను ఓపికగా చూచినచో అవి అజాగ్రత్తవలన కలిగినవి కావని తెలియును. 302 నుండి 146ను తీసివేయుమన్నప్పుడు 244 అని వ్రాయు పిల్లలు ప్రతి పాఠశాలలో కనబడుదురు. సరియైన జవాబు 156. ఆ 244 ఎట్లు వచ్చినది? 2నుండి 6 పోదు గనుక 6నుండి 2 తీసి 4 వేసిరి. 0నుండి 4 పోదు గనుక 4నుండి 0 తీసి మరల 4 వేసిరి. 3నుండి 1 పోగా 2. పెద్దయంకెనుండి చిన్నయంకెను తీయవలెనను నియమమును వారు ఒక్క స్థానమునను తప్పలేదు. నియమమే తప్పు. పిల్లల తప్పులలో పెక్కు ఇట్టి తప్పుడు నియమమును నిష్ఠతో పాటించుటవలన కలుగునని బ్రౌన్, బర్టన్ అను అమెరికా పరిశోధకులు 1978లో ప్రకటించిన వ్యాసమున సోదాహరణముగా చూపిరి. ఈ నియమముతోనే లీలావతిలోని లెక్కను చేసి చూడుడు. ఆ ఏడు సంఖ్యల మొత్తము 360. దానిని 10,000 నుండి తీసివేయగా 10,360 వచ్చును! ఉన్నదానికంటె, కొంత పోగా మిగిలినది ఎక్కువ. ఈ జవాబు వ్రాసిన బాలుడు ఆశ్చర్యపడడు. ఏలయన, అతని దృష్టిలో అది పదివేలు కాదు. ఒక ఒకటి, నాలుగు సున్నలు.

ఇట్లు స్థానములు విడివిడి గదులుగా తోచుటకు మన పాఠక్రమము కొంత కారణము. మొదట 'చేతిలో మిగలని' కూడికలను, 'అప్పు అక్కరలేని' తీసివేతలను వారములకొలది చేయింతుము. 43, 25 కూడునపుడు 3, 5 కలిసి 8. 4, 2 కలిసి 6. ఈ లెక్క చేయుటకు పదులని గాని ఒకట్లని గాని తెలియనక్కరలేదు. రెండు చిన్నకూడికలను ప్రక్కప్రక్కన వ్రాసినట్లే. ఆ అలవాటు గట్టిపడిన తరువాత ఒకనాడు 47, 25 ఇచ్చి, క్రొత్త మంత్రమొకటి చెప్పుదుము. సులభమైనది ముందు, కఠినమైనది వెనుక అను బోధనాసూత్రమును నేను కాదనను. కాని ఇచ్చట సులభమైనది కఠినమైనదానికి సోపానము కాక ఆటంకమగుచున్నది. స్థానవిలువతో పని పడని లెక్కలతో స్థానవిలువను బోధించుట సంధి జరుగని పదములతో సంధిని బోధించుటవంటిది.

ఇక మాటలను చూతము. 47, 25 కూడునపుడు 7, 5 కలిసి 12. "రెండు వేసి, చేతిలో ఒకటి" అందుము. ఏమి ఆ ఒకటి? ఎక్కడనుండి వచ్చినది? చేతిలోనికి ఏల పోయినది? పిల్లవాడు అడుగడు, మనము చెప్పము. వ్యాకరణపు తరగతిలో మనము ఆగమము మిత్రునివంటిది, ఆదేశము శత్రువువంటిది అని చెప్పుచుందుము. ఆగమము ఉన్నదానిని తొలగింపక ప్రక్కన వచ్చి చేరును. ఆదేశము ఉన్నదానిని తొలగించి దాని చోట నిలుచును. పిల్లవాని మనస్సులో 'చేతిలో ఒకటి' ఆగమము. ఎక్కడనుండియో వచ్చి పదుల నెత్తిమీద కూర్చుండినది. వస్తుతః అది ఆదేశము. పండ్రెండు ఒకట్లలో పదింటిని తొలగించి, వానికి మారుగా ఒక పది వచ్చినది. స్థానివద్భావమును ఎరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు: రూపము మారినను విలువ మారలేదు. వ్యాకరణమున ఆదేశము స్థాని యున్నచోటనే నిలుచును, ఇచ్చట ఎడమప్రక్క ఇంటికి పోవుచున్నది గదా యని ఆక్షేపింపవచ్చును. ఆ భేదము నిజమే. పోలిక అంతవరకు సాగదు. కాని పోయినదేది, వచ్చినదేది అని అడుగు అలవాటు శబ్దశాస్త్రము మనకు నేర్పినది. ఆ ప్రశ్నను గణితపు తరగతిలో ఎవరును అడుగుట లేదు.

'అప్పు' అను మాట మరింత చిక్కైనది. అప్పు అనగా తిరిగి ఈయవలసినది. 52 నుండి 27 తీసివేయునపుడు 2నుండి 7 పోదు గనుక 'పక్కింటి ఐదు' నడిగి ఒకటి అప్పు తెత్తుము, ఐదు నాలుగగును. ఆ అప్పు ఎన్నడును తీరదు. ఒక తెలివిగల పిల్లవాడు "తిరిగి ఎప్పుడిస్తామండీ?" అని అడిగినచో ఉపాధ్యాయుడు ఏమి చెప్పవలెను? ఈ మాటకు సరిపడు పద్ధతి యొకటి లేకపోలేదు. పైన ఒకట్లకు పది కలిపి 12నుండి 7 పోగా 5 అని వ్రాసి, క్రింద పదులకు ఒకటి కలిపి 2ను 3 చేసి, 5నుండి 3 పోగా 2 అని వ్రాయుదురు. రెండు సంఖ్యలకును సమముగా పది కలిపితిమి గనుక అంతరము మారదు. అక్కడ తెచ్చినది క్రింద చెల్లింపబడుచున్నది. అప్పు అను మాట కొంత పొసగును. నేటి వాచకములు ఆ పద్ధతిని విడిచి, పదిని విడగొట్టు పద్ధతిని చేపట్టినవి. పద్ధతి మారినది, మాట మిగిలిపోయినది.

ఈ రెండు పద్ధతులలో ఏది మేలను వాదము పాశ్చాత్యదేశములలో చాలకాలము జరిగినది. బ్రౌనెల్, మోజర్ అను విద్వాంసులు 1949లో వెలువరించిన అధ్యయనమున తేలినది మనకు ఉపయోగించును. అర్థము చెప్పక యాంత్రికముగా నేర్పునపుడు సమముగా కలుపు పద్ధతి మెరుగు; అర్థము చెప్పి నేర్పునపుడు విడగొట్టు పద్ధతి మెరుగు. మనము విడగొట్టు పద్ధతిని స్వీకరించి, దానిని యాంత్రికముగా నేర్పుచున్నాము. రెంటికి చెడిన రేవడి యను సామెత ఇట్టివారికొరకే పుట్టినది.

మరి అప్పునకు బదులు ఏ మాట వాడవలెను? 'బదులు' అను మాటయే మొదట తోచును; కాని 'చేబదులు' అన్నప్పుడు అదియు అప్పే యగును. 'పరివర్తనము' బరువైనది, ఎనిమిదేండ్ల పిల్లకు అది మరియొక మంత్రము. 'మార్పు' మంచిమాట, నోటు మార్చుట ఎల్లరకు తెలిసినదే. అయినను నాకు అన్నిటికంటె నచ్చినవి 'కట్టుట', 'విప్పుట' అను రెండు అచ్చతెలుగు క్రియలు. కొబ్బరి యీనెలు పదింటిని దారముతో కట్టి కట్ట చేయుదుము. ఏడీనెలకు ఐదీనెలు కలిపినప్పుడు పది నిండినవి గనుక కట్ట కట్టితిమి. అది కట్టల వరుసలో చేరినది. ఐదు కట్టలు, రెండు విడియీనెలు ఉండగా ఏడీనెలు ఈయవలసివచ్చినచో ఒక కట్ట విప్పుదుము. విప్పినది అప్పు కాదు. అది మన కట్టయే, మన యీనెలే. ఈ మాటలవలన మరియొక లాభము కలదు. 'చేతిలో ఒకటి'కిని 'అప్పు'నకును చెవికి సంబంధము లేదు. అవి రెండు వేరు వేరు తంత్రములని పిల్లలు తలంతురు. కట్టుట, విప్పుట అన్నప్పుడు ఒకే పనికి రెండు దిక్కులని మాటయే చెప్పుచున్నది. అందువలన వానిని వేరువేరు మాసములలో గాక ఒకేనాడు, ఒకే కట్టతో నేర్పవచ్చును.

ఇట్టి మార్పిడి మన సమాజమునకు క్రొత్తది కాదు. దశాంశనాణెములు 1957 ఏప్రిల్ 1న అమలులోనికి రాకముందు రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. ఒక రూపాయి నుండి ఏడణాలు పోగా ఎంత యన్నప్పుడు రూపాయిని పదునారణాలుగా మార్చియే తీరవలెను. ధాన్యపుకొలతలో ఇరువది తూములు ఒక పుట్టి. పుట్టి గింజలనుండి మూడు తూములు ఈయవలసినవాడు పుట్టిని తూములుగా చూడక తప్పదు. పదికి బదులు పదునారు, ఇరువది వచ్చుటవలన ఆ లెక్కలు నేటి లెక్కలకంటె కష్టమైనవే. కాని అక్కడ స్థానము మాటలోనే కనబడును. రూపాయి రూపాయియే, అణా అణాయే. నేటి బాలునకు 52లోని 5నకును 2నకును ఆకారమున భేదమే గాని జాతిభేదము కనబడదు.

పై 302నుండి 146 లెక్కను తప్పుగా చేసిన నాలుగవతరగతి బాలిక నొకతెను, "నీదగ్గర మూడు వందనోట్లు, రెండు రూపాయిబిళ్లలు ఉన్నవి, కొట్లో నూటనలభయ్యారు ఈయాలి" అని అడిగితిని. ఆమె తడుముకొనక, "ఒక వందకి చిల్లర తెస్తానండీ, పది పదులు. అందులో ఒక పదికి మళ్లీ రూపాయలు తెస్తా" అనెను. లెక్కలో మధ్యనున్న సున్నను దాటుటకు ఏయే మెట్లు ఎక్కవలెనో అవన్నియు ఆ జవాబులో ఉన్నవి. ఆమెకు తీసివేత వచ్చును. బడిలోని మాటలు ఆమె తెలివితో కలియలేదు, అంతియే.

సున్నయొద్ద మరికొంచెము ఆగవలెను. 'మూడువందల ఐదు' వ్రాయుమన్నచో 3005 అని వ్రాయు పిల్లలు చాలమంది. మూడువందలకు 300, దాని ప్రక్కన 5. ఇది బుద్ధిహీనత కాదు. విన్నది విన్నట్లు వ్రాయుట. మాటలో పదులు లేవు, వ్రాతలో వాని చోటు ఉన్నది. కనబడకపోవుటనే లోపమని పాణిని నిర్వచించెను. ప్రత్యయము లోపించినను దానిని నిమిత్తముగా గల కార్యము జరుగుననియు విధించెను. లేనిదానికి పని యుండుట మనకు విచిత్రము కాదు. 305లోని సున్న పదుల లేమిని తెలుపుచునే, మూటిని వందల చోట నిలుపుచున్నది. సున్నకు విలువ లేదు, అది ఏమియు కాదు అని నేర్పబడిన బాలుడు దానిని ఎత్తివేసినను, ఎక్కువ వేసినను మనము కోపపడరాదు. తెలుగులిపిలో 'సున్న' అని పిలువబడు పూర్ణబిందువు ఒక ధ్వనికి గుర్తు. దానిని ఎత్తివేసినచో 'కంద' 'కద' యగును. ఈ పోలిక శాస్త్రము కాదు గాని, అక్షరములు నేర్చిన పిల్లలకు వెంటనే ఎక్కును.

సంఖ్యావాచకముల విషయమున తెలుగు బాలుడు అదృష్టవంతుడు. ఇరువది, ముప్పది, నలుబది, ఏబది, అరువది, డెబ్బది, ఎనుబది, తొంబది - అన్నిటను 'పది' వినబడుచున్నది, కొంత రూపము మారి. పదునొకండు, పదుమూడు, పదునేడు అనువానిలో పది ముందు, ఒకట్లు వెనుక. వ్రాతలోని వరుసయు అదియే. సంస్కృతమున ఏకవింశతి యన్నప్పుడు ఒకటి ముందు వచ్చును; ఏకోనవింశతి యన్నప్పుడు పందొమ్మిదిని ఇరువదినుండి ఒకటి తీసి చెప్పవలెను. ఇంగ్లీషున తర్టీన్, ఫోర్టీన్ అనునవియు ఒకట్లతో మొదలగును. లెవెన్, ట్వెల్వ్ అనువానిలో పది జాడయే చెవికి అందదు. తర్టీన్, తర్టీ అనువానిని పిల్లలు కలగాపులగము చేయుట అందరు చూచినదే. నేటి వాడుకలో ముప్పై, నలభై అని అరిగిపోవుటవలన మన పదియు కొంత మరుగుపడినది. ముప్పై యనగా ముప్పది, మూడు పదులు అని ఒక్కమారు చూపినచో చాలును, వ్యాకరణపాఠము అక్కరలేదు. తెలంగాణ ప్రభుత్వపాఠశాలలలో 2022-23 విద్యాసంవత్సరమునుండి ఆంగ్లమాధ్యమము ప్రవేశించినది. మాధ్యమమును గూర్చిన వివాదము నాకు ఇచ్చట అప్రస్తుతము. ఏ మాధ్యమమున చదివినను, స్థానవిలువ చెప్పునాడు తెలుగు సంఖ్యల పేర్లను తరగతిలోనికి రానీయకపోవుట చేతిలోని దీపమును ఆర్పుకొనుటయే.

మరల భాస్కరుని మాటకు. క్రమముగా గాని వ్యుత్క్రమముగా గాని కూడవచ్చునని ఆయన అనుమతించెను. మన బడులలో ఒకట్లనుండియే ఆరంభింపవలెను. ఎడమనుండి మొదలిడిన పిల్లవానికి తప్పు పడును. అయితే బజారులో ఎవడును ఒకట్లనుండి కూడడు. 47, 25 అన్నప్పుడు నలుబది, ఇరువది కలిసి అరువది. ఏడు, ఐదు పండ్రెండు. వెరసి డెబ్బదిరెండు అనుకొనును. ధూళిపలకపై ముందువేసిన అంకెను తుడిచి దిద్దుట తేలిక గనుక ఎడమనుండి కూడుట ప్రాచీనులకు ఇబ్బంది కాలేదని ఊహింపవచ్చును. కాగితముమీద కొట్టివేతలు పడును; కుడినుండి పోవుట అందువలన స్థిరపడినది. ఇది వ్రాతసౌకర్యమే గాని గణితధర్మము కాదు. పలకమీద వ్రాయు రెండవతరగతి పిల్లలను ఎడమనుండి కూడనిచ్చి, తరువాత కుడినుండి కూడుటలోని లాభమును వారిచేతనే కనుగొనజేసినచో ఏమి నష్టము? పెద్దస్థానమునుండి చూచువాడు 10,360 వంటి జవాబును ఎన్నడును వ్రాయడు.

మన సంప్రదాయపండితులనుండి వచ్చు ఆక్షేపణ ఒకటి కలదు. అర్థము తరువాత తెలియును, ముందు వల్లెవేయింపుడు. అమరమును, శబ్దమంజరిని అట్లు నేర్చియే మనము ఇంతవారమైతిమి అని. ఇది తేలికగా త్రోసివేయదగిన వాదము కాదు. ఎక్కములు కంఠస్థము కానివాడు, పదిలోపు కూడికలు నాలుకపై లేనివాడు ప్రతి లెక్కయొద్ద వ్రేళ్లు లెక్కించుకొనుచు అసలు విషయమును మరచును. వల్లెవేయదగినది వల్లెవేయవలసినదే. కాని కంఠస్థము చేయు వస్తువులు రెండు తెగలు. రామశబ్దము కంఠస్థమైనచో, అర్థము తెలియకున్నను ఆ రూపములు తప్పులు కావు. కాలాంతరమున అర్థము వచ్చి వానిలో చేరును. 'పోకపోతే అప్పు తెచ్చుకో' అనునది రూపము కాదు, విధి. విధికి ప్రవృత్తినిమిత్తము తెలియవలెను. నిమిత్తము తెలియనివాడు ప్రక్కన సున్న యున్నచోట దిక్కుతోచక నిలుచును, లేదా అక్కరలేని చోటను అప్పు తెచ్చును. సూత్రములను వల్లించినవాడు ఉదాహరణ ప్రత్యుదాహరణములను చూడకయే ప్రయోగమునకు దిగినచో ఏమగునో మనకు తెలియనిది కాదు.

ఇంతకు ముఖ్యముగా చేయింపవలసిన అభ్యాసము ఒకటి కలదు. వాచకములు దానిని తగినంత పట్టించుకొనుట లేదు. 52 అనగా ఐదు పదులు, రెండు ఒకట్లు అని విస్తరణరూపము వ్రాయింతుము. అక్కడనే ఆగుదుము. 52 అనగా నాలుగు పదులు, పండ్రెండు ఒకట్లు. మూడు పదులు, ఇరువదిరెండు ఒకట్లు. ఏబదిరెండు ఒకట్లు కూడ. ఒకే సంఖ్యకు ఇన్ని రూపములున్నవని, విలువ మారదని, పిల్లలు ఈనెలతో పలుమార్లు చేసి, నోటితో చెప్పవలెను. ఇది వచ్చినచో తీసివేతలో క్రొత్తగా నేర్పవలసినది దాదాపు లేదు. 10,000 అనగా తొమ్మిదివేలు, తొమ్మిదివందలు, పది పదులు అని చూడగలిగిన బాలిక, లీలావతికి వేయబడిన ప్రశ్నకు 9,640 అని నోటితోనే చెప్పును.

ప్రాచ్యకళాశాలలలో చదివి పండితశిక్షణ పొందినవారు ప్రతి సంవత్సరము పాఠశాలలకు పోవుచున్నారు. వారు చెప్పవలసినది భాషయే. అయినను ఉపాధ్యాయులు తక్కువగానున్న చిన్న ఊళ్లలో గణితపు గంటయు వారి పాలబడుట కలదు. గణితమున పట్టా లేదను జంకుతో వారు తాము బాల్యమున విన్న 'చేతిలో ఒకటి'నే మరల చెప్పుదురు. శిక్షణలో రెండు మూడు దినములు ఈ విషయమునకు కేటాయించినచో మేలు. లీలావతి ఆరంభభాగమును సాహిత్యదృష్టితో పాఠము చెప్పువారు, ఆ అర్ధవృత్తమును దాని ఉదాహరణముతో సహా ఈనెలకట్టలతో ఒకమారు చేసి చూపవచ్చును. అందులకు వేరు నిధులు అక్కరలేదు.

మాటల సేకరణ మరియొక పని. కూడికలో మిగిలినదానిని కొన్ని బడులలో 'దశకము' అందురు, కొన్నింట 'చేతిలో' అందురు, కొన్నింట 'పైన' అందురు. తీసివేతలో 'అప్పు' తప్ప వేరు మాట వాడు ప్రాంతములున్నవా? వీథిబడిలో చదివిన వృద్ధులు ఏమనెడివారు? సమముగా కలిపి తీయు పద్ధతిని ఇప్పటికిని చేయువారు ఏ జిల్లాలలో ఉన్నారు, ఆ రెండవ మెట్టును వారు ఏ పేరున పిలుతురు? మాండలికపదములను సేకరించు పరిశోధకవిద్యార్థులు వ్యవసాయపదములను, చేనేతపదములను అడుగునపుడు ఈ నాలుగు ప్రశ్నలను కూడ చేర్చి, జవాబులను విన్నవి విన్నట్లు, ఊరిపేరుతో, చెప్పినవారి వయస్సుతో వ్రాసికొనవలెను.